ఏనాటి కూలి ఆనాడే: చదివిన వాక్యం ఆఫీసు బల్ల దాకా ఎలా వస్తుంది?

ఆవగింజ | సోమవారం, ఉదయం 6.50

అందరికీ వందనాలు. ఏడాదిలో బైబిలు పూర్తిచేసే పట్టిక పెట్టుకొని చదువుతున్నాను. ఈ రోజు భాగం ద్వితీయోపదేశకాండము 23 నుంచి 25 వరకు. మామూలుగా చదివేసి, గడిలో టిక్కు పెట్టి పనిలో పడిపోతాను. ఈ రోజు మాత్రం 24వ అధ్యాయం 14, 15 వచనాల దగ్గర ఆగిపోయాను. కూలివాడు బీదవాడు, ఆ కూలి మీదే ఆశ పెట్టుకొని ఉంటాడు, అందుకే సూర్యుడు అస్తమించక ముందే ఇచ్చేయాలి, లేకపోతే అతడు నీ మీద యెహోవాకు మొరపెడతాడు, అది నీకు పాపమవుతుంది అని అక్కడ ఉంది.

నా ఉద్యోగం ఒక సంస్థలో బిల్లులు చూడటం. పెద్ద గుత్తేదారుల బిల్లులు, ఒక్కరుగా వచ్చి పనిచేసి వెళ్ళేవారి బిల్లులు (రంగులు వేసేవారు, కరెంటు పని చేసేవారు, సామాను మోసేవారు) అన్నీ నా బల్ల మీదికే వస్తాయి. చెల్లింపు గడువు అందరికీ ఒకటే, 45 రోజులు. నియమం నేను పెట్టింది కాదు. డబ్బు నాది కాదు. ఆఖరి సంతకమూ నాది కాదు.

నేను అడగదలచింది ఇదీ. ఇది నాకు రాసిన మాటా, లేక ఆనాటి ఇశ్రాయేలు రైతులకు మాత్రమే రాసిన మాటా? నాకే అయితే, ఇంకాసేపట్లో ఆఫీసులో కూర్చున్నాక నేను చేయవలసింది ఏమిటి? ‘ప్రార్థించండి’ అని మాత్రం జవాబివ్వకండి. అది ఎలాగూ చేస్తాను.

వెలుగుబాట | సోమవారం, ఉదయం 7.05

సహోదరా, కలవరపడకండి. ఆయన మీ విషయంలో సమాధానకరమైన ఉద్దేశాలే కలిగి ఉన్నాడు. యిర్మీయా 29:11 ఈ రోజు మీ వాగ్దానంగా పట్టుకోండి. ఆమేన్.

తోమా | సోమవారం, ఉదయం 7.35

వెలుగుబాట గారూ, ఆయన అడిగింది బిల్లుల గురించి. భవిష్యత్తు గురించి బెంగపడుతున్నట్టు ఎక్కడా రాయలేదు.

ఆవగింజ గారూ, నాకు అనిపించింది సూటిగా చెబుతాను. ఇది మోషే ధర్మశాస్త్రం. మనం దాని కింద లేము. ఈ వచనం మీకు వర్తిస్తుందని పట్టుకుంటే, దానికి రెండు అధ్యాయాల ముందు 22:11లో ఉన్ని, జనుపనార కలిపి నేసిన బట్ట వేసుకోకూడదని ఉంది. అదీ పట్టుకోవాలి కదా? నచ్చింది ఏరుకొని, నచ్చనిది పాత నిబంధన అని పక్కకు నెట్టడం నాకు నిజాయితీగా అనిపించదు. బైబిలు ఆఫీసు నియమావళి కాదు. అది క్రీస్తును చూపించే గ్రంథం. రోజూ చదివే భాగంలోంచి ఆ రోజుకో పని పిండుకోవాలని చూస్తే చివరికి మిగిలేది నీతి పాఠాల పుస్తకమే.

మార్త | సోమవారం, ఉదయం 8.10

తోమా అన్నయ్యా, మీ మాటలో నిజముంది కానీ జవాబు లేదు. ఆయన ఇప్పుడు ఆఫీసుకు వెళ్తున్నారు. బల్ల మీద ఆ కాగితాలు ఉన్నాయి. ‘క్రీస్తును చూడండి’ అంటే ఆయన ఏ కాగితం ముందు తీయాలి?

నా మటుకు నేను పెట్టుకున్న పద్ధతి చెబుతాను. ఇద్దరు చిన్నపిల్లలతో నాకు పొద్దున దొరికే సమయం చాలా తక్కువ. అందుకే ఒక్క ప్రశ్నే వేసుకుంటాను: ఈ ఆజ్ఞ ఎవరిని కాపాడుతోంది? 22:8 తీసుకోండి. కొత్త ఇల్లు కడితే పైకప్పుకు పిట్టగోడ కట్టాలి, లేకపోతే ఎవరైనా పడి చస్తే ఆ రక్తాపరాధం నీ ఇంటి మీదికి వస్తుంది. ఇక్కడ కాపాడేది ఇంటికి వచ్చినవాణ్ణి. నేను మేడ కట్టడం లేదు. అయినా మందుల సీసా పిల్లలకు అందని అరలో పెట్టానా లేదా అన్నది ఆ వచనం నన్ను అడుగుతుంది. 24:15 కాపాడేది సాయంత్రం చేతిలో డబ్బు పడకపోతే రాత్రి గడవనివాణ్ణి. అలాంటివాడి బిల్లు మీ బల్ల మీద ఉందా? ఉంటే అది మీ గురించే.

బట్ట సంగతి నాకు తెలియదు. అది ఎవరిని కాపాడుతుందో పాతకాపరి అయ్యగారే చెప్పాలి.

బెరయ | సోమవారం, ఉదయం 9.20

వెలుగుబాట గారిని నొప్పించాలని కాదు, కానీ 29:11 ఎక్కడ కనిపించినా నాకు చేయి ఆగదు. కాస్త పక్కదారి పడుతున్నాను, నిర్వాహకులు క్షమించాలి.

ఆ వచనం ఒక ఉత్తరంలోది. యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టబడి పోయినవారికి యిర్మీయా రాసిన ఉత్తరం. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త లేచి, రెండేళ్ళలో అంతా తిరిగి వచ్చేస్తుందని దేవుని పేరున చెప్పాడు. జనానికి అది ఎంత తీపిగా ఉండి ఉంటుందో ఊహించండి. యిర్మీయా రాసింది 70 ఏళ్ళు అని. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది తిరిగి రారు, అక్కడే పోతారు. అందుకే 5వ వచనం నుంచి ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మిమ్మల్ని చెరగొనిపోయిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అంటాడు. ఇదంతా చెప్పాకే 11 వస్తుంది. మనం 11 ఒక్కటే కోసుకొని, పూల బొమ్మ మీద రాసి, పొద్దున్నే పదిమందికి పంపుతాం. హనన్యా చెప్పిన మాటనే యిర్మీయా సంతకంతో పంపుతున్నట్టు అవుతుంది.

‘నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను’ అనే ఫిలిప్పీయులకు 4:13 గతీ ఇదే. పరీక్ష పాసవడానికి, పోటీలో గెలవడానికి వాడతారు. పౌలు అది బంధకాల్లో ఉండి రాశాడు. ముందు వచనంలో కడుపు నిండి ఉండటమూ ఆకలితో ఉండటమూ రెండూ నేర్చుకున్నానంటాడు. అన్వయించుకోవడం తప్పని నేననడం లేదు. ముందు ఆ మాట ఎవరికి, ఏ స్థితిలో చెప్పారో చూడాలి. బెరయ పట్టణంవారు దినదినమూ లేఖనాలు పరిశోధించారని అపొస్తలుల కార్యములు 17:11లో ఉంది. వాళ్ళు పరిశోధించింది పౌలు చెప్పిన మాటల్నే!

వెలుగుబాట | సోమవారం, ఉదయం 9.45

బెరయ గారూ, మీరు చెప్పిందంతా సరే. నా తల్లి మంచాన ఉన్న రోజుల్లో ఆ ఒక్క వచనమే నన్ను నిలబెట్టింది. 70 ఏళ్ళ లెక్క అప్పుడు నాకు తెలియదు. తెలియకపోయినా దేవుడు నన్ను నిలబెట్టాడు. అది కూడా లెక్కలో వేసుకోండి.

బెరయ | సోమవారం, ఉదయం 9.58

వేసుకున్నాను, అక్కా.

రాత్రికాపలా | సోమవారం, మధ్యాహ్నం 1.30

ఇప్పుడే నిద్ర లేచి చూశాను. నేను ఆ బల్లకు అవతలివైపు మనిషిని. యంత్రాల మరమ్మతు పని. పిలిచినచోటికి వెళ్తాను, బిల్లు ఇస్తాను, ఎదురుచూస్తాను. రాత్రి పనిలో ఫోనులో బైబిలు వింటూ ఉంటాను. కళ్ళు పనిమీద ఉండాలి కాబట్టి చదవడం కుదరదు.

ఆవగింజ అన్నయ్యా, 45 రోజులంటే కాగితం మీద 45. బిల్లు మీ బల్ల చేరేసరికి కొన్ని రోజులు, ఏదో కాగితం తక్కువైందని తిరిగివస్తే మళ్ళీ మొదటినుంచి లెక్క. ఫోను చేస్తే ‘ఇంకా పైకి వెళ్ళలేదు’ అంటారు. మళ్ళీ చేస్తే ‘సారు సెలవులో ఉన్నారు’ అంటారు. మూడోసారి చేయడానికి మొహం చెల్లదు, తరవాత పనికి పిలవరేమోనన్న భయం. ఈలోగా నేను అప్పు తెచ్చి విడిభాగాలు కొన్నవాడు ఆగడు.

అదే అధ్యాయంలో 10, 11 వచనాలు చూశారా? అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం ఇంట్లోకి జొరబడకూడదు. బయట నిలబడాలి. అప్పు తీసుకున్నవాడే లోపలినుంచి తెచ్చి ఇవ్వాలి. మొదటిసారి ఇది విన్నప్పుడు యంత్రం ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. అప్పులో ఉన్నవాడి గుమ్మం గురించి ఆలోచించిన దేవుడు! నేను సంఘంలో ఎన్నో ప్రసంగాలు విన్నాను, ఈ వచనం మీద ఒక్కటీ వినలేదు.

మీరు చేయగలిగింది అడిగారు కాబట్టి చెబుతున్నాను. డబ్బు త్వరగా ఇవ్వలేకపోతే తేదీ చెప్పండి. ఫలానా రోజు పడుతుంది అని నిజమైన తేదీ ఒకటి తెలిస్తే, నేను ఇవ్వవలసినవాడికి నిజమైన తేదీ చెప్పుకోగలను. అబద్ధం ఆడనవసరం ఉండదు.

మార్త | సోమవారం, మధ్యాహ్నం 1.52

ఈ జవాబు ముందు మేం రాసినవన్నీ తేలిపోయాయి, తమ్ముడూ.

పాతకాపరి | సోమవారం, సాయంత్రం 5.15

వందనాలు. చూపు మందగించింది, తప్పులుంటే సర్దుకొని చదవండి.

మొదట తోమా ప్రశ్న. నచ్చింది ఏరుకోవడం నిజాయితీ కాదన్నారు, బాగుంది. అయితే ఏరేది మనం కానక్కర్లేదు. కూలి సంగతి బైబిలే ఎన్నిసార్లు ఎత్తుకుందో చూడండి. లేవీయకాండము 19:13లో కూలివాని కూలి తెల్లవారేవరకు నీ దగ్గర ఉండకూడదు. అయిదు వచనాల తరవాత, 19:18లోనే ‘నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను’ వస్తుంది. మలాకీ 3:5లో కూలి విషయంలో కూలివారిని బాధపెట్టేవారిని మాంత్రికుల పక్కన, వ్యభిచారుల పక్కన నిలబెట్టాడు. మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని సాయంకాలం కాగానే తన గృహనిర్వాహకుణ్ణి పిలిచి పనివారికి కూలి ఇమ్మన్నాడు. ఆ ఉపమానంలో అందరం ఆఖరి గంటలో వచ్చినవారి గురించే మాట్లాడతాం. యజమాని పొద్దువాలగానే కూలి ఇవ్వడం ధర్మశాస్త్రం ప్రకారమే జరుగుతోందన్నది గమనించం. కూలి చేతికిచ్చింది యజమాని కాదు, గృహనిర్వాహకుడు. ఆవగింజ గారూ, మీ ఉద్యోగం ఆ కథలో ఉంది. ఇక యాకోబు 5:4. చేలు కోసిన పనివారికి ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొరపెడుతోంది అంటాడు. మనిషి కాదు, కూలి మొరపెడుతోందట. ఇది క్రొత్త నిబంధన. బట్ట నేత సంగతి అపొస్తలులు ఎక్కడా ఎత్తలేదు. యెరూషలేములో కూడుకొని అన్యజనుల మీద ఏ భారం పెట్టాలో ఆలోచించినప్పుడు కూడా (అపొస్తలుల కార్యములు 15) అది రాలేదు. మార్తమ్మా, ఆ బట్ట ఎవరిని కాపాడుతుందన్న దానికి పండితులు రకరకాలుగా చెబుతారు, నాకు ఏదీ గట్టిగా కుదరలేదు.

అన్వయించే పద్ధతి కావాలంటే పౌలు దగ్గరే ఉంది. ద్వితీయోపదేశకాండము 25:4లో కళ్ళం తొక్కే ఎద్దు మూతికి చిక్కం పెట్టకూడదని ఉంది. అది ఆవగింజ గారు ఈ రోజు చదివిన భాగంలోనే ఉంది. పౌలు దాన్ని రెండుసార్లు తీసుకున్నాడు, 1 కొరింథీయులకు 9:9లో, 1 తిమోతికి 5:18లో. రెండుచోట్లా మనుషుల జీతం గురించే. ఎద్దుకే అంత న్యాయం ఉంటే పనిచేసిన మనిషి సంగతేమిటి అన్నది ఆయన దారి.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగానికి వస్తాను, విసుక్కోకండి. యోషీయా రాజు కాలంలో మందిరంలో ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. దాన్ని చదివి వినిపిస్తే ఆయన బట్టలు చింపుకున్నాడు (2 రాజులు 22). ఆయన కొడుకు యెహోయాకీము. ఇతనికీ యిర్మీయా ప్రవక్త మాటలు రాసిన ఒక గ్రంథం చదివి వినిపించారు. చలికాలం, ముందు కుంపటి మండుతోంది. యెహూది అనే అతడు మూడు నాలుగు పుటలు చదివేసరికి రాజు చాకుతో కోసి కుంపటిలో వేస్తూ వచ్చాడు. అలా చుట్ట మొత్తం కాలిపోయింది (యిర్మీయా 36). ముగ్గురు అధిపతులు వద్దని బతిమాలినా వినలేదు. ఇద్దరూ రాజులే, ఇద్దరూ వాక్యం విన్నవారే.

ఆ యెహోయాకీము గురించి అదే ప్రవక్త, యిర్మీయా 22:13లో, ఏమన్నాడో చూడండి. జీతమివ్వకుండా పొరుగువానిచేత ఊరకే పనిచేయించుకొని మేడ కట్టుకొనేవాడికి శ్రమ! అంటే గ్రంథాన్ని కాల్చిన చెయ్యీ, కూలి ఎగ్గొట్టిన చెయ్యీ ఒక్కటే. తరవాత 16వ వచనంలో తండ్రి యోషీయాను తలుచుకొని, అతడు దీనుల దరిద్రుల వ్యాజ్యం విచారించాడు, ‘ఆలాగున చేయుటే నన్ను తెలిసికొనుట కాదా’ అని యెహోవా అడుగుతాడు. తోమా, మీరు బైబిలు క్రీస్తును చూపించే గ్రంథం అన్నారు. దేవుణ్ణి తెలుసుకోవడం ఎక్కడ జరుగుతుందో ఆ వచనం చెబుతోంది. నేను నా పరిచర్యలో ‘ఎన్ని అధ్యాయాలు చదివారు’ అని అడగడం మానేసింది ఈ రెండు అధ్యాయాలు పక్కపక్కన చదివాకే.

తోమా | సోమవారం, రాత్రి 8.40

అయ్యగారూ, యెహోయాకీము సంగతి ఈ కోణంలో చూడలేదు. యాకోబు 5:4కు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటాను.

అయినా ఒక అనుమానం వదలడం లేదు. అన్వయం అనగానే మనలో చాలామంది వచనాన్ని ఎదుటివాడి మీదికి తిప్పుతాం. పనివాడికి ‘మీ యజమానులకు లోబడండి’ చదివి వినిపించే యజమాని, తన వంతు వచనం దగ్గర కళ్ళజోడు వెతుక్కుంటాడు. కొలొస్సయులకు 3:22 అందరికీ కంఠతా వచ్చు, యజమానులు దాసులకు న్యాయమైనది ఇవ్వాలనే 4:1 ఎవరికీ రాదు. రెంటి మధ్య అధ్యాయం అంకె పడటంతో అక్కడ ఆపేయడానికి సాకు కూడా దొరికింది. ఆ అధ్యాయాల విభజన పౌలు పెట్టింది కాదు, 13వ శతాబ్దపు ఏర్పాటు. వచనాల అంకెలైతే 1551లో రోబేర్ ఎస్తియెన్ గ్రీకు క్రొత్త నిబంధన అచ్చువేసినప్పుడు వచ్చాయి.

మార్త | సోమవారం, రాత్రి 9.05

భార్యలు భర్తలకు లోబడాలనే ఎఫెసీయులకు 5:22 కూడా ఆ జాబితాలో వేయండి అన్నయ్యా. దానికి ముందున్న, ఒకరికొకరు లోబడండి అనే 21వ వచనం మా ఇంట్లో బైబిలులో అచ్చు పడలేదేమోనని అప్పుడప్పుడు అనుమానం వస్తుంది.

నిశ్శబ్దం | సోమవారం, రాత్రి 11.20

చాలాకాలంగా చదువుతున్నానే గానీ ఎప్పుడూ రాయలేదు. బిల్లుల సంగతి కాదు, అయినా రాయాలనిపించింది.

మా అబ్బాయి పోయిన వారంలో నా ఫోనుకు వచ్చిన వచనాల్లో ఎక్కువ భాగం రోమీయులకు 8:28. సమస్తమూ మేలుకోసమే జరుగుతున్నాయని. పంపినవారి ప్రేమను శంకించను. ఆ వచనం అబద్ధమనీ అనను. కానీ అదే పత్రికలో నాలుగు అధ్యాయాల తరవాత, 12:15లో, ఏడ్చేవారితో ఏడవండి అని ఉంది. 8:28 పంపడానికి వేలు చాలు. 12:15కు ఇంటికి రావాలి.

కష్టాల్లో పడ్డ యోబును ఓదార్చ వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేలమీద కూర్చొని ఒక్క మాటా మాట్లాడలేదు. అంతవరకు వాళ్ళు మంచివాళ్ళే. నోరు తెరిచాక చెప్పినవాటిలో చాలా మాటలు విడిగా చూస్తే సరైనవిగానే ఉంటాయి. చివరికి 42:7లో దేవుడు వాళ్ళ మీద కోపపడ్డాడు.

ఆ నెలల్లో నేను చదవగలిగింది 88వ కీర్తన ఒక్కటే. చాలా విలాప కీర్తనలు చివర్లో స్తుతివైపు తిరుగుతాయి. ఇది తిరగదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. రోజుకు మూడు అధ్యాయాలని ఎవరైనా లెక్క అడిగి ఉంటే అప్పుడు బైబిలు మూసేసి ఉండేదాన్ని.

పాతకాపరి | మంగళవారం, ఉదయం 5.10

అమ్మా, చదివాను. సామెతలు 25:20 మా బోధకులంతా రాసిపెట్టుకోవలసిన వచనం. దుఃఖంలో ఉన్నవానికి పాటలు వినిపించడం చలిరోజున పైబట్ట లాగేసినట్టు అని ఉంది అక్కడ. మీ కోసం ప్రార్థిస్తున్నాను. వేరే ఏమీ రాయను.

కొత్తపుట | మంగళవారం, ఉదయం 10.25

నమస్కారం. నేను ఈ మధ్యే చదవడం మొదలుపెట్టాను. ఆదికాండము, నిర్గమకాండము సగం వరకు పరుగులా సాగింది. గుడారం కొలతల దగ్గర వేగం తగ్గింది, లేవీయకాండములో పూర్తిగా ఆగిపోయాను. పైన మీరంతా లేవీయకాండము నుంచే అంత సులువుగా చెబుతుంటే ఆశ్చర్యంగా ఉంది. అసలు రోజుకు ఎంత చదవాలి? ఎక్కడినుంచి?

బెరయ | మంగళవారం, ఉదయం 11.00

లెక్క చెబుతాను, ఆ తరవాత దాన్ని మరిచిపోండి. 66 పుస్తకాల్లో 1,189 అధ్యాయాలు. పాతవి 929, క్రొత్తవి 260. రోజుకు మూడు, కొన్ని రోజులు నాలుగు చదివితే ఏడాదిలో అయిపోతుంది. స్కాట్లండ్ పాస్టరు రాబర్ట్ ముర్రే మెక్‌చేన్ 1842లో తన సంఘం కోసం తయారుచేసిన పట్టిక ఇప్పటికీ చాలామంది వాడతారు. అందులో పాత నిబంధన ఒకసారి, క్రొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు పూర్తవుతాయి. రోజుకు నాలుగు చోట్ల చదవాలి. మొదటిసారి చదివేవారికి ఇది ఊపిరాడనివ్వదు. మీరు మార్కు సువార్తతో మొదలుపెట్టండి, 16 అధ్యాయాలే. తరవాత లూకా, వెంటనే అపొస్తలుల కార్యములు. రాసింది ఒక్కరే, కథ కొనసాగుతుంది.

మార్త | మంగళవారం, మధ్యాహ్నం 12.15

నేనైతే ఇంకా తక్కువ చెబుతాను. రూతు, నాలుగే అధ్యాయాలు. చదివాక లేవీయకాండము 19:9, 10 తీయండి. పొలం కోసేటప్పుడు అంచులు పూర్తిగా కోయవద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, బీదలకూ పరదేశులకూ వదిలేయండి అని ఉంటుంది. పరదేశి అయిన రూతు బతికింది ఆ వచనం మీదే. ఆ పొలం యజమాని బోయజు దాన్ని పాటించి ఊరుకోలేదు. 2:16లో కట్టల్లోంచి కొన్ని కావాలని లాగి పడేయమని పనివాళ్ళతో చెప్పాడు. ఒక ఆజ్ఞ ఒక మనిషి పొలంలోకి వస్తే ఎలా ఉంటుందో అక్కడ కనిపిస్తుంది. అది చూశాక లేవీయకాండము అంత పొడిగా అనిపించదు. బలుల అధ్యాయాలు పొడిగానే అనిపిస్తాయి, అబద్ధమెందుకు.

రాత్రికాపలా | మంగళవారం, మధ్యాహ్నం 2.05

కొత్తపుట గారూ, చదవలేకపోతే వినండి. అది తక్కువ రకం భక్తి ఏమీ కాదు. ప్రకటన 1:3లో చదివేవాడు ఒక్కడు, వినేవారు అనేకులు. ఆ రోజుల్లో ఇంటికో బైబిలు ఎక్కడిది?

పాతకాపరి | మంగళవారం, సాయంత్రం 6.00

నిజమే. నెహెమ్యా 8 చూడండి. ఎజ్రా ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా జనం ముందు ధర్మశాస్త్రం చదివాడు, లేవీయులు జనానికి అర్థం చెప్పారు. మర్నాడు పెద్దలు మళ్ళీ కూర్చొని చదువుతుంటే పర్ణశాలల పండుగ ఆజ్ఞ కనిపించింది. కనిపించగానే జనం కొండకు వెళ్ళి కొమ్మలు తెచ్చి, మిద్దెలమీదా వాకిళ్ళలోనూ పందిళ్ళు వేసుకున్నారు. వాక్యానికీ పనికీ మధ్య వాళ్ళు తీసుకున్న సమయం అంతే.

నిర్వాహకుడు | బుధవారం, ఉదయం 8.00

ధర్మశాస్త్రం, విశ్రాంతి దినం, దశమభాగం గురించి నాకు విడిగా సందేశాలు వస్తున్నాయి. వాటికి వేరే చర్చ తెరుద్దాం. ఇక్కడ రోజువారీ పఠనం దగ్గరే ఉండండి.

ఆవగింజ | గురువారం, రాత్రి 9.30

జవాబివ్వడం ఆలస్యమైంది. నియమం మార్చమని పై అధికారిని అడిగాను. కుదరదన్నారు, ఆయన చేతిలోనూ లేదు. ఆయన మంచివారే.

అప్పుడు నా చేతిలో ఏముందో చూశాను. సంతకం నాది కాదు కానీ వరుస నాది. బిల్లులు వచ్చిన క్రమంలో కాకుండా, పెద్ద సంస్థల ఫైళ్ళు అట్టలు వేసుకొని చక్కగా ఉంటాయి కాబట్టి అవి సహజంగా పైకి వెళ్ళిపోతున్నాయి. ఒక్క కాగితం మీద చేత్తో రాసిచ్చిన బిల్లులు కింద పడి ఉంటున్నాయి. బుధవారం ఉదయం కట్ట మొత్తం తిరగేసి, ఒంటరి పనివారివన్నీ విడిగా ఒక పసుపు అట్టలో పెట్టాను. వాటిలో మూడు బిల్లులు కాగితాలు తక్కువై ఆగి ఉన్నాయి. మామూలుగా అయితే వెనక్కి పంపే చీటీ రాసి ఊరుకుంటాం. ఈసారి ముగ్గురికీ ఫోను చేసి ఏ కాగితం తేవాలో చెప్పాను. ఒకాయనకు తన బిల్లు ఆగి ఉందన్న సంగతే తెలియదు, చెల్లింపు వస్తోందనుకొని ఎదురుచూస్తున్నాడు.

రాత్రికాపలా తమ్ముడు చెప్పినట్టు ప్రతి బిల్లు మీద పెన్సిలుతో డబ్బు పడే తేదీ రాస్తున్నాను. ఫోను చేసినవారికి ఆ తేదీ చెబుతున్నాను. అది అధికారులకు అభ్యంతరం కాదని అడిగి తెలుసుకున్నాను. గడువు 45 రోజులు అలాగే ఉంది. సూర్యాస్తమయానికి చాలా దూరం.

పఠనం పట్టికలో నాలుగు రోజులు వెనకబడ్డాను.

తోమా | గురువారం, రాత్రి 9.55

వెనకబడితే పడనివ్వండి. ఒక ప్రశ్న. ఆ పసుపు అట్ట మీరు సెలవులో ఉన్నప్పుడు ఎవరు చూస్తారు?

ఆవగింజ | గురువారం, రాత్రి 10.10

అది ఆలోచించలేదు. నా పక్క బల్ల ఆమెకు చెప్పాలి. ఆమె క్రైస్తవురాలు కాదు. వచనం చెప్పి అడగాలా, ఊరికే అడగాలా?

మార్త | గురువారం, రాత్రి 10.14

ఊరికే అడగండి. ఎందుకని ఆమె అడిగితే అప్పుడు చెప్పండి.

రాత్రికాపలా | గురువారం, రాత్రి 10.40

పెన్సిలుతో కాదన్నా, పెన్నుతో రాయండి.